ఇన్‌స్పెక్టరమ్మ మొహం మారింది

ఇన్‌స్పెక్టరమ్మ చేతికర్ర ఊతంతో హాల్లోకి వచ్చి సోఫాలో కూలబడేసరికి, టీవీలో ఆమె మొహానికి కట్టిన కట్లు విప్పుతున్నారు.

ఆమె నిజం పోలీసు కాదు. రోజూ సాయంత్రం వచ్చే నేర పరిశోధన సీరియల్లో ఏళ్ళ తరబడి ఇన్‌స్పెక్టర్ వేషం వేసిన నటి. అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తుండేది కాదు. మందుల షాపులో, బస్సులో, బ్యాంకులో అందరికీ ఆమె ఇన్‌స్పెక్టరమ్మే. ఒకసారి వెనక వీధిలో ఎవరింట్లోనో కెమెరా పోతే ఆ ఇంటావిడ స్టేషన్‌కి వెళ్ళకుండా నేరుగా వీళ్ళ తలుపు కొట్టింది. "మీరొకసారి వచ్చి చూస్తే చాలమ్మా" అంది. ఈమె వెళ్ళింది. గదంతా ఒకసారి కలియజూసి, కనుబొమలు ముడిచి, "కిటికీ గడియ లోపలి నుంచే తీశారు" అని ఊరికే ఒక మాట అనేసి వచ్చింది. తెల్లారేసరికి ఆ ఇంటావిడ మరిది కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టి, తల దించుకుని నిలబడ్డాడట. ఆ కథ పేట పేటంతా పాకింది.

అలాంటి మనిషి, దొంగను తరిమే సీన్లో మెట్ల మీద కాలు జారి పడింది. మోకాలి చిప్ప విరిగింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు, పరుగులూ గిరుగులూ ఇప్పట్లో కుదరవన్నాడు. సీరియల్ ఆగేది కాదు కదా! రచయిత ఒక బాంబు పేల్చాడు. ఇన్‌స్పెక్టర్ మొహం కాలిపోయింది. ప్లాస్టిక్ సర్జరీ అన్నారు. వారం పాటు మొహమంతా తెల్లటి కట్లు కట్టుకున్న ఎవరో మనిషిని మంచం మీద పడుకోబెట్టి చూపించారు. ఇవాళ ఆ కట్లు విప్పే రోజు.

"అయ్యో, ఎలా అయిపోయిందో ఏమో తల్లి మొహం!" అంటూ అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అసలు మొహం పక్కనే కూర్చుని ఉన్నా సరే.

చివరి చుట్టు విప్పారు. కొత్తమ్మాయి. పదేళ్ళయినా చిన్నది. నున్నటి బుగ్గలు, చురుకైన కళ్ళు. కళ్ళు తెరిచి, అద్దంలో చూసుకుని, మెల్లగా తల తిప్పింది.

అత్తగారు కొంగు నోటి మీంచి తీసింది.

"ఏమాటకామాట చెప్పుకోవాలి, డాక్టర్లు బాగానే చేశారు" అంది అత్తగారు.

భర్త పళ్ళ సెట్లు తయారు చేసే ల్యాబు నడుపుతాడు. ఎవరిని చూసినా ముందు అతని చూపు నోటి మీదికే పోతుంది. "పై వరస, కింది వరస భలే కుదిరాయి" అన్నాడు యథాలాపంగా. అన్నాక పక్కకు చూశాడు. పెళ్ళాం చూపు తగిలి, రిమోట్ ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు, అది తన చేతిలోనే ఉన్నా.

ఆ రోజు మొదలు ఇన్‌స్పెక్టరమ్మకు మనశ్శాంతి కరువైంది. చూడకుండా ఉండలేదు, చూసి తట్టుకోలేదు. సాయంత్రమయ్యేసరికి కాలు స్టూలు మీద బారజాపుకుని టీవీ ముందు తిష్ఠ వేసేది.

"తుపాకీ పట్టుకోవడం చూశావా అత్తయ్యా? గరిట పట్టుకున్నట్టు లేదూ?"

"అవునమ్మాయ్, గరిటే" అనేది అత్తగారు మొదట్లో. వారం తిరిగేసరికి "పిల్ల కష్టపడుతోందిలే" అంది. ఇంకొన్నాళ్ళకు, ప్రకటనలు వస్తున్నప్పుడు తప్ప కోడలితో మాట్లాడటం మానేసింది. కోడలు ఏదైనా అనబోతే "ష్, ఉండు, హంతకుడెవరో చెప్తోంది" అని చెయ్యి అడ్డం పెట్టేది.

అన్నిటికన్నా కడుపు మండింది వాచీ విషయంలో. నేరస్తుణ్ణి ప్రశ్నించే గదిలో ఇన్‌స్పెక్టర్ చేతి వాచీ తీసి బల్ల మీద పెట్టిందంటే ఇక వాడి పని అయిపోయిందని చూసేవాళ్ళందరికీ తెలుసు. అది రచయిత రాసింది కాదు. మొదటి ఏడాది వేసవిలో పట్టీ కింద చెమట పట్టి దురద పెడుతుంటే ఈమె తీసి బల్ల మీద పెట్టింది. ఎదురుగా ఉన్న నటుడు, అదేదో తనకు చెప్పకుండా మార్చిన సీను కాబోలనుకుని బెదిరిపోయి డైలాగు మర్చిపోయాడు. డైరెక్టరు "అదే ఉంచేద్దాం" అన్నాడు. అలా మొదలైంది. ఇప్పుడు కొత్తమ్మాయి తాపీగా వాచీ తీసి బల్ల మీద పెట్టింది.

"నా దురద కూడా దానికే ఇచ్చేశారా!" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

భర్త ఫక్కున నవ్వాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి నవ్వు మింగేశాడు.

మర్నాడు కాలికి వ్యాయామం చేయించే క్లినిక్‌కి వెళితే, బల్ల దగ్గరి అమ్మాయి లోపలికి చూసి గట్టిగా "డాక్టర్‌గారూ, పాత ఇన్‌స్పెక్టరమ్మగారు వచ్చారు" అని కేకేసింది. ప్రేమగానే పిలిచింది, పాపం. ఆ "పాత" అన్న ముక్క మాత్రం తలలో మేకులా దిగింది. ఆ రోజు కాలు ఎంత వంచినా నొప్పి తెలియలేదామెకు.

ఆ పరిస్థితిలో, ఒక ఆదివారం పొద్దున్న తలుపు తీసిన అత్తగారు గుమ్మంలోంచే పెద్ద కేక పెట్టింది. "అమ్మాయ్! ఎవరొచ్చారో చూడు! ఇన్‌స్పెక్టరమ్మ!"

కొత్తమ్మాయి పళ్ళబుట్టతో నిలబడి ఉంది. మేకప్ లేకపోతే ఇంకా చిన్నపిల్లలా ఉంది. అత్తగారు ఆమెను తన కుర్చీలోనే కూర్చోబెట్టింది. చుట్టాలొస్తే తప్ప తీయని కప్పుల్లో టీ తెచ్చింది. "ఇప్పుడు మొహం మంట తగ్గిందా అమ్మా?" అని అడిగింది ఆదుర్దాగా. ఆ పిల్ల తడుముకోకుండా "తగ్గిందండీ, మీ దయవల్ల" అంది. అత్తగారు తృప్తిగా లోపలికి వెళ్ళింది.

ఇద్దరే మిగిలారు.

"మీకు కోపంగా ఉంటుందని తెలుసక్కా. అందుకే ఇన్నాళ్ళూ రాలేదు" అంది కొత్తమ్మాయి. "ఇప్పుడు గత్యంతరం లేక వచ్చాను. తమ్ముడి సీను వచ్చేసింది."

ఇన్‌స్పెక్టరమ్మ నోటి దాకా ఎత్తిన టీ కప్పు అక్కడే ఆగిపోయింది.

తమ్ముడి సీను! సీరియల్ మొదలైనప్పుడే రచయిత ఆమెకు ఒక్కదానికే చెప్పాడు. ఎప్పటికైనా కథ అక్కడికి చేరుతుంది, వరసగా జరుగుతున్న హత్యలన్నీ తన సొంత తమ్ముడు చేసినవేనని ఇన్‌స్పెక్టర్ కనిపెడుతుంది, తన చేత్తోనే వాడికి బేడీలు వేస్తుంది అని. ఆ రోజు కోసమే ఆమె ఆ పాత్రను ఏ సీన్లోనూ ఏడవనివ్వలేదు. తండ్రి చచ్చిపోయిన సీన్లో డైరెక్టరు బతిమాలినా కళ్ళు తడి చేసుకోలేదు. ఆ ఏడుపంతా దాచి దాచి ఒక్కచోట కుమ్మరించాలని కలలు కంది. చేతులు బేడీలు వేస్తుంటే గొంతు లోపలే ఎలా తెగిపోవాలో, మోకాళ్ళు ఎక్కడ వంగాలో ఆమెకు తెలుసు. అదంతా ఇప్పుడు ఈ పిల్ల పాలు.

"తమ్ముడి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆవిడ ఎలా ఉంటుందక్కా? ఆవిణ్ణి మీకన్నా బాగా ఎరిగినవాళ్ళు లేరు కదా."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ టీ కప్పు కింద పెట్టింది.

"నవ్వుతుంది" అంది.

"నవ్వా? సొంత తమ్ముడికి బేడీలు వేస్తూనా?"

"అవును. నవ్వుతుంది. ఏడిస్తే మామూలు ఆడదైపోదూ? నువ్వు నవ్వు చాలు. జనం నీరాజనం పడతారు చూడు." అని, ధైర్యం చెబుతున్నట్టుగా తనూ నవ్వింది.

కొత్తమ్మాయి ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లేచి, "చాలా థాంక్సక్కా" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

గేటు చప్పుడు వినిపించాక ఇన్‌స్పెక్టరమ్మకు ఒళ్ళంతా తేలికైంది. తమ్ముణ్ణి జైలుకు పంపుతూ ఇకిలించే అక్కను ఏ తల్లి భరిస్తుంది? అత్తగారే టీవీ మీదికి చెప్పు విసురుతుంది. ఆ మధ్యాహ్నం ఆమె రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. రాత్రి మాత్రం నిద్ర సరిగ్గా పట్టలేదు. కాలు నొప్పి అని చెప్పింది భర్తకు.

ఆ భాగం వచ్చిన రోజు భర్త కూడా ల్యాబు తొందరగా మూసి వచ్చాడు. ముగ్గురూ కూర్చున్నారు. తమ్ముడి వేషం వేసినవాడు బల్లకవతల వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "అక్కా, నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పావు కదా, వదిలెయ్యవే" అంటున్నాడు. కొత్తమ్మాయి బేడీలు తీసింది. వాడి మణికట్టు పట్టుకుంది. అప్పుడు నవ్వింది.

పెదవులు నవ్వుతున్నాయి. కళ్ళు నవ్వడం లేదు. తనకున్న ఒకే ఒక్క వస్తువును ఇచ్చెయ్యాల్సి వచ్చి, ఇష్టంగానే ఇస్తున్నానని లోకాన్ని నమ్మించబోయే మనిషి నవ్వు అది. బేడీ టక్కుమని పడింది. నవ్వు అలాగే ఉంది. చూడలేక తమ్ముడే తల తిప్పుకున్నాడు.

అత్తగారు బావురుమంది. "ఎంత కడుపుకోత తల్లీ నీకు! ఏడవను కూడా ఏడవలేకపోతోందే!" అంటూ ముక్కు చీదుకుంది.

ఇన్‌స్పెక్టరమ్మకు ఆ నవ్వు ఎక్కడో చూసినట్టే ఉంది. ఎక్కడో తెలియడం లేదు.

భర్త ముందుకు వంగి, కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "పై పెదవి ఎడమ పక్క మాత్రమే లేచింది. రెండో పన్ను దాకా కనపడి ఆగిపోయింది. ఇది ఆ పిల్ల నవ్వు కాదోయ్. నీది."

"నాదా?"

"నీదే. మా చెల్లెలు మేడ కట్టుకుని గృహప్రవేశానికి పిలిచినప్పుడు నువ్వు నవ్విన నవ్వు. అచ్చుగుద్దినట్టు." అని ఆమె వైపు తిరిగాడు. "ఆ పిల్లకెలా దొరికింది?"

ఆమె చేతికర్ర తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఎవరి నోట విన్నా ఆ నవ్వే. పేపర్లో ఫొటో వేశారు. టీవీలో ఒకావిడ కొత్తమ్మాయిని కూర్చోబెట్టి, అంత గొప్ప ఆలోచన ఎలా వచ్చిందని అడిగింది. కొత్తమ్మాయి "నాది కాదండీ. ఇంతకుముందు వేసిన అక్క చెప్పింది. వాళ్ళింట్లో కూర్చోబెట్టుకుని చెప్పింది" అంది.

ఇక పొగడ్తలు వెల్లువెత్తాయి. "మీ స్థానంలోకొచ్చిన పిల్లకు మీరే నేర్పించారా! ఎంత పెద్ద మనసమ్మా!" అంటూ మందుల షాపు ఆయన రెండు చేతులూ జోడించాడు. క్లినిక్‌లో డాక్టరు నర్సులందరినీ పిలిచి చూపించాడు. ఒక్కో పొగడ్తా చెంప మీద చాచి కొట్టినట్టు తగిలేది. కాదనడానికి లేదు, ఔననడానికి నోరు రాదు. భర్త మాత్రం భోజనం దగ్గర ఒక్కసారి, "పెద్ద మనసుగారూ, ఉప్పు ఇటివ్వండి" అన్నాడు. ఆమె ఉప్పు డబ్బా ఇవ్వకుండా లేచిపోయింది.

చివరికి డైరెక్టరు ఫోన్ చేశాడు. కాలు కాస్త కుదుటపడింది కదా, ఒకసారి స్టూడియోకి వచ్చి వెళ్ళమన్నాడు. మంచి వేషం ఉందన్నాడు.

అడుగు పెట్టగానే లైట్ల వేడి, కొత్త రంగు వాసన, తీగల మీద కాళ్ళు తగలకుండా నడిచే ఆ నడక, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. మేకప్ గదిలో తన కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుని జుట్టు ముడి వేయించుకుంటోంది. అద్దంలో ఈమెను చూసి, మేకప్ ఆవిణ్ణి కాసేపు బయటికి వెళ్ళమంది.

"టీవీలో అందరి ముందూ నా పేరు ఎందుకు చెప్పావు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ, నిలబడే.

"చెప్పొద్దా? మీరు చెప్పిందే కదా."

"నేను ఎందుకు చెప్పానో నీకు తెలీదు."

"తెలుసక్కా" అంది కొత్తమ్మాయి. కుర్చీ ఇటు తిప్పింది. "నన్ను ముంచడానికి చెప్పారు. ఆ పూటే తెలిసింది. అయినా ఎందుకు చేశానో చెప్పనా? డైరెక్టరుగారు ఏడవమన్నారు. ఏడ్చి చూపించాను. బాగుందన్నారు. కానీ సెట్లో ప్రతివాడి మొహం మీదా రాసుంది, ఆవిడైతే ఇంకా బాగా ఏడ్చేదని. రోజూ ఇదే గోల. ఆవిడైతే ఇలా నడిచేది, ఆవిడైతే ఇలా తిరిగేది. ఏడుపులో మీతో గెలవలేను. అప్పుడు ఆ రోజు మీరు నవ్విన నవ్వు గుర్తొచ్చింది. మీ దగ్గర నుంచి మీకు తెలియకుండా తెచ్చుకున్నది అదొక్కటే. అందుకే పనికొచ్చింది."

ఇన్‌స్పెక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. "సిగ్గులేదుటే నీకు?"

"మీకుందా?" అంది ఆ పిల్ల. అని, గొంతు తగ్గించింది. "నాకు మీరంటే ఎంత కుళ్ళో మీకు తెలీదు. మీ పాత భాగాలు సౌండు తీసేసి చూస్తాను, ఒక్క తప్పైనా దొరుకుతుందేమోనని. దొరికి చావదు. ఆ నవ్వు నేను కష్టపడి నేర్చుకున్నాననుకుంటున్నారా? మీ భాగాలు చూసినప్పుడల్లా నా మొహాన అదే ఉంటుంది."

ఇన్‌స్పెక్టరమ్మకు నిలబడ్డ కాలు నొప్పెట్టింది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. తనను చూసి ఒకరు కుళ్ళుకుంటున్నారన్న మాట విని కొన్ని నెలలైంది. అది ఆమెకు ఏ మందూ ఇవ్వని హాయి ఇచ్చింది. హాయిగా ఉన్నందుకు మళ్ళీ సిగ్గేసింది.

ఇంతలో డైరెక్టరు, రచయిత లోపలికొచ్చారు. ఇన్‌స్పెక్టర్‌కి జైలు నుంచి తిరిగొచ్చిన తల్లి వేషం ఉందన్నారు. నెరిసిన విగ్గు కూడా తెప్పించారట.

"తల్లా!" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నిన్నమొన్నటిదాకా దాని మొహం నాదే కదండీ. ఇంతలోకే నాకే తల్లినైపోయానా?"

కొత్తమ్మాయి నవ్వాపుకోలేక దగ్గింది.

"మరి మీకేం కావాలి మేడమ్?"

"బల్లకవతల కుర్చీ. నేరస్తుల కుర్చీ."

డైరెక్టరు బుర్ర గోక్కున్నాడు. "జనం మీ మొహం గుర్తుపట్టరా? పాత ఇన్‌స్పెక్టర్ నేరస్తురాలెలా అవుతుందని అడగరూ?"

రచయిత కళ్ళు మెరిశాయి. "అడగనివ్వండి సార్! అదే కథ. ఇన్‌స్పెక్టర్ పోగొట్టుకున్న మొహాన్ని ఒక ఆడదొంగ సర్జరీ చేయించుకుని పెట్టుకుంది. ఆ మొహంతో తిరుగుతూ ఊరంతా దోచేస్తోంది!" ఆయన అప్పుడే గోడకు ఆనుకుని తనలో తను డైలాగులు గొణుక్కోవడం మొదలుపెట్టాడు. నెరిసిన విగ్గు పెట్టె అక్కడే ఉండిపోయింది.

అలా ఇన్‌స్పెక్టరమ్మ దొంగ అయింది. అత్తగారు మూడు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. "కన్నపిల్లలాంటి దాని మొహం దొంగిలించడానికి నీకు చేతులెలా వచ్చాయమ్మాయ్?" అంది. ఇన్‌స్పెక్టరమ్మ ఆ మాటను భర్తకు పది మార్లు చెప్పి మురిసిపోయింది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే సీను తీసిన రోజు సెట్లో పని లేనివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. దొంగ బల్ల మీదికి వంగి, "ఈ మొహం నీదే కదా? కావాలా? రా, వచ్చి తీసుకో" అనాలి. ఎక్కడ ఎంత వంగితే ఎదుటివాళ్ళ మొహం మీద నీడ పడుతుందో పాతకాపు గనక ఆమెకు బాగా తెలుసు. వంగింది. కావాలనే ఒక జానెడు ఎక్కువ వంగింది. కొత్తమ్మాయి మొహం సగం చీకటైపోయింది. ఆ పిల్లకు సంగతి అర్థమైంది. చీకట్లోనే తన డైలాగు చెప్పేసింది.

"అద్భుతం మేడమ్!" అని చప్పట్లు కొట్టాడు డైరెక్టరు. చూస్తున్నవాళ్ళూ కొట్టారు. అందరి చూపూ దొంగ మీదే.

ఇన్‌స్పెక్టరమ్మ ఎదుటి మొహంలోకి చూసింది. కింది పెదవి పంటి కింద బిగించి, కన్నార్పకుండా కూర్చుంది ఆ పిల్ల. గెలిచానన్న సంతోషం గొంతు దిగలేదు ఆమెకు. ఇలాంటి గెలుపు ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకుంటుంది?

"ఇంకోటి చేద్దాం" అంది. "అమ్మాయి మొహం మీద నా నీడ పడింది."

డైరెక్టరు బాగుందన్నా వినలేదు. రెండోసారి వెనక్కి ఒదిగి చెప్పింది. వెలుతురంతా కొత్తమ్మాయి మీద పడింది. ఆ పిల్ల "నాకొద్దు. ఆ మొహంతో నువ్వే బతుకు" అన్న ఒక్క మాట అంది. ఎంత మెల్లగా అందంటే, లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. ఇన్‌స్పెక్టరమ్మ వీపు జలదరించింది. ఇంత బాగా చెప్పిందా ఇది! నా ముందే!

"కట్! బ్రహ్మాండం! భోజనాలకు వెళ్దాం" అన్నాడు డైరెక్టరు.

"ఇంకోటి చేద్దాం" అంది ఇన్‌స్పెక్టరమ్మ, కుర్చీలో సర్దుకుంటూ.

"ఎందుకు మేడమ్, ఇంతకన్నా ఏం కావాలి?"

కొత్తమ్మాయి అప్పటికే జుట్టు వెనక్కి తోసుకుని, బల్ల మీద మోచేతులు ఆన్చింది. "చేద్దామంటోంది కదండీ అక్క" అంది డైరెక్టరుతో, చూపు ఎదుటి కుర్చీ మీంచి తిప్పకుండా. "కెమెరా పెట్టండి."